ఆగడం నేర్చుకున్న మోటర్

“చెయ్యి నొప్పి ఉండాదా?” అని మంచం మీద నుంచి అడిగాడు మా ఆయన.

“ఇప్పుడు నా చేతి మాట ఎందుకప్పా, గంజి తాగు.”

“తాగుతాలే. చెయ్యి చూపించు.”

చూపించాను. మా ఇద్దరి మధ్య అవే ఆఖరి మాటలు. తెల్లారేసరికి ఆయన లేడు.

ఆ చేతి సంగతి చెప్తాను, రాసుకో తల్లీ. మాది ధర్మవరం పక్కన మగ్గం ఇల్లు. ఆయన నేసేవాడు. నేను రాట్నం తిప్పి, అడ్డపోగు వేసే నాడెలో పెట్టే కండెలకు పట్టు పోగు చుట్టేదాన్ని. మూడో కాన్పయ్యాక నా కుడి మణికట్టు వాచిపోయింది. కండెలు లేకపోతే మగ్గం నిలిచిపోతుంది. మగ్గం నిలిచిపోతే ఆయన ఇంకొకరింట్లో కూలికి కూర్చోవాలి. అదే మా భయం.

ఆ ఏడే మా వీధికి కరెంటు వచ్చింది. హోటల్లో పారేసిన ఫ్యాను మోటర్ ఒకటి తెచ్చి, రాట్నానికి తాడు వేసి బిగించాడు. అది బాగానే తిరిగేది. ఆగడమే తెలియదు. ఎడమ చేత్తో పోగు పట్టుకుంటే నా కుడి చెయ్యి స్విచ్చి దాకా లేవదు. కండె నిండి, పొర్లి, పట్టంతా చిక్కుపడేది.

పక్కింటాయన వచ్చి నవ్వాడు. “ఏమన్నా, పెండ్లాన్ని కూర్చోబెట్టి ఫ్యానుతో పని చేయిస్తాండావంట?”

“నీ పెండ్లాన్ని అడుగు పోప్పా. నీకంటే ఈ ఫ్యానే మేలంటాది” అన్నాడు ఈయన.

చీర మీద పూలు లేపడానికి మగ్గం పైన బెజ్జాల అట్టల దండ ఉంటుంది. ఏ పోగు లేవాలో ఆ బెజ్జాలే చెప్తాయి. మగ్గానికి చెప్పే అట్టలు మోటర్‌కు ఎందుకు చెప్పవు అన్నాడు ఆయన. ఎంత ఆలోచన! పాత అట్టలు దండగా కుట్టి, పొడుగ్గా చీలికలు కోశాడు. మోటర్ తిరిగేకొద్దీ దండ కదులుతుంది. పైన బిగించిన ఇత్తడి సూది చీలికలోంచి దిగి, దండ కింద పెట్టిన రేకును తాకినంతసేపే మోటర్‌కు కరెంటు. చివరి అట్టకు చీలిక లేదు. అది రాగానే మోటర్ ఆగాలి.

ఆగలేదు. కాస్త తడబడి మళ్లీ తిరిగింది. రెండు రోజులు మోటర్ విప్పడం, బిగించడం. అన్నం కూడా సరిగా తినలేదు. నాకు అక్షరాలు రావు కానీ అట్టలు వేలితో తడిమితే ఏ పువ్వో తెలుస్తుంది. చివరి అట్ట తడిమాను.

“ఇది మామిడిపింద అట్టప్పా! పాత బెజ్జాలన్నీ దీంట్లోనే ఉండాయి. సూది వాటిల్లో దిగుతాంది.”

ఆయన అట్టను వెలుతురుకు పట్టి చూశాడు. చంటిబిడ్డ లేచేటంత గట్టిగా నవ్వాడు. “నేను మోటర్ విప్పుతా కూర్చుంటి, నువ్వు అట్ట చదివితివే!”

చింతగింజల బంకతో ఆ బెజ్జాల మీద కాగితం అతికించాం. ఆరాక వేశాం. కండె నిండింది, మోటర్ ఆగింది. ఆయన నమ్మలేదు. ఇంకో కండె, ఇంకోటి. ఒక్కటీ పొర్లలేదు. అంత బుర్ర ఆ మనిషికి ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాత కండెలు లేక మా మగ్గం ఒక్క పూట కూడా నిలిచిపోలేదు. ఆయన ఏ ఒక్కరింటికీ కూలికి పోలేదు.

ఏం తల్లీ, నా చెల్లెలి కూతురివి, ఏదీ వదలకుండా రాశావు కదా? మొదటి నుంచి చదివి వినిపించు. ఆయన చేసింది ఆయన చేసినట్టే వచ్చిందో లేదో వింటాను.