హారను మోగిన మధ్యాహ్నం

ఆ వీధిలో అందరూ ఆమెను కరెంటక్క అంటారు. పాత మోటారు సైకిళ్ళ వైరింగు పని ఆమెది. నిజానికి ఆ కొట్టు భర్తది. చూపు మందగించి, ఎర్ర తీగకీ గోధుమ రంగు తీగకీ తేడా తెలియక అతను తడబడుతుంటే, పక్కన కూర్చుని రంగులు చెప్పడంతో మొదలుపెట్టింది. చెప్పీ చెప్పీ పనంతా తన చేతికే వచ్చింది. ఇప్పుడతను గుమ్మం పక్క బల్ల మీద కూర్చుని, ఇంజను చప్పుడు విని బండి జబ్బేమిటో చెబుతాడు. "సగం డాక్టరువి నువ్వు, సగం నేను" అని వేళాకోళం చేస్తుంది.

ఒకరోజు బట్టల కొట్టు గుమాస్తా ఒకతను పాత బండిని తోసుకుంటూ వచ్చాడు.

"దానంతటదే హారను కొడుతోందక్కా. తాళం నా జేబులోనే ఉంటుంది. మధ్యాహ్నమయ్యేసరికి వరండాలో రెండుసార్లు మోగుతుంది."

"బండి ఎవరిది?"

"మా అన్నయ్యది. పోయి ఏడాది దాటింది. భోజనానికి వచ్చినప్పుడు అట్లాగే రెండు కొట్టేవాడు. మా అమ్మ పరుగున వెళ్ళి తలుపు తీస్తోంది. చూడలేకపోతున్నా."

"దెయ్యమూ లేదు, భూతమూ లేదు. సాయంత్రం రా."

అన్నంత పనీ చేసింది. హెడ్‌లైటు విప్పి చూస్తే, హ్యాండిలు మెడ దగ్గర హారను తీగ ఒరుసుకుపోయి రాగి బయటపడింది. పైగా ఎవరో తాళంతో పనిలేకుండా బ్యాటరీ నుంచి హారనుకి నేరుగా తీగ లాగారు. ఎండకి బండి వేడెక్కగానే ఆ రాగి ఇనుముకి తగిలి ఉంటుంది. రెండూ కోసి పారేసి కొత్త తీగ వేసింది. బ్యాటరీ ఊడదీసి లోపలి అరలో ఛార్జింగుకి పెట్టింది.

షటరు సగం దించి ఇద్దరూ భోజనానికి కూర్చున్నారు. హారను రెండుసార్లు మోగింది. బేరం వచ్చిందనుకుని, "వస్తున్నా, వస్తున్నా" అంటూ ఆమె ఎంగిలి చేత్తోనే షటరు పైకెత్తింది.

"రండి, లోపలికి రండి."

వీధిలో ఎండ తప్ప ఎవరూ లేరు.

వెనక్కి తిరిగి చూస్తే భర్త ముఖం కొట్లోనే ఉన్న గుమాస్తా బండి వైపు ఉంది. "బయట కాదే. ఇక్కడే మోగింది" అన్నాడు మెల్లగా.

బ్యాటరీ అరలోనే ఉంది. బండికి బ్యాటరీ తీగల కొసలు రెండూ ఖాళీగా వేలాడుతున్నాయి. ఆమె హారను మీద చెయ్యి వేసింది. అప్పుడే మోగి ఆగినట్టు రేకు ఇంకా సన్నగా వణుకుతోంది. గబుక్కున చెయ్యి తీసేసింది. ఇన్నేళ్ళ పనిలో షాకు కొట్టినా అంత త్వరగా తీయలేదు.

సాయంత్రం గుమాస్తాతో వాళ్ళమ్మ కూడా వచ్చింది. బ్యాటరీ బిగించాక కొడుకు బండి బయటికి తోస్తుంటే ఆవిడ కరెంటక్కని పక్కకి పిలిచింది.

"ఇక్కడ మోగిందా అమ్మా?"

అబద్ధమాడదామనుకుంది గానీ నోరు రాలేదు. "మోగిందండీ. రెండుసార్లు."

"తలుపు తీశావా?"

"షటరు ఎత్తాను."

"రమ్మన్నావా?"

కరెంటక్క తల ఊపింది. పెద్దావిడ కొట్టంతా ఒకసారి కలియజూసి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత వాళ్ళింట్లో బండి మోగలేదని గుమాస్తా సంతోషంగా చెప్పి వెళ్ళాడు. కానీ ఇక్కడ భర్త మధ్యాహ్నం కాగానే బల్ల మీద ఓ పక్కకి జరిగి కూర్చోవడం మొదలుపెట్టాడు.

"ఎవరికి జరుగుతున్నావయ్యా?"

"నువ్వు పిలిచినవాడికే" అన్నాడు, అందులో వింతేముందన్నట్టు.

కొట్టు మూసేద్దామా అనుకుంది. మూస్తే తినేదేమిటి? మర్నాడు తానే పెద్దావిడ ఇంటికి వెళ్ళి, "మధ్యాహ్నం పూట మా కొట్టుకి వచ్చి కూర్చోండమ్మా" అంది.

ఆవిడ ఎందుకని అడగలేదు. అప్పటికే చెప్పులు వేసుకుంటోంది.