అన్నానికి తోడు డైటింగు

ఆ రోజుల్లో సన్నబడే మార్గం తెలియాలంటే ఫోను తెరవక్కర్లేదు, వీధి తలుపు తెరిస్తే చాలు. మా బర్మామైన్స్ కార్మికవాడ సందులో ప్రతి గుమ్మంలోనూ ఒక ఆహార నిపుణుడు బనీనుతో కూర్చుని ఉండేవాడు. వాళ్ళలో ఒక్కరికీ నడుమన్నది ఉండేది కాదనుకోండి. (ఇప్పటి ఫోను నిపుణులకు అదైనా ఉంది.)

నేనప్పుడు కారఖానాలో కంట్రాక్టరు కింద హెల్పరుని. నేనెక్కితే సైకిలు బెల్లు దానంతటదే మోగేది. నా ఆశంతా క్రేన్ ఆపరేటరు కుర్చీ మీదే. పైన గాలిలో కేబిను, కింద జనమంతా తలెత్తి మనవైపే చూడటం! ఆ కుర్చీకి పెట్టిన మెడికల్ పరీక్షలో మన తెలుగు డాక్టరుగారు నన్ను చూసి, "నెలాఖరుకి తగ్గి రావయ్యా, లేకపోతే తర్వాతి పేరు పిలుస్తాం" అన్నారు. ఆ తర్వాతి పేరు మా మేనత్త కొడుకు బక్కబావది. వాడు ఫ్యాను కింద నిలబడితే బనీను ఊగేదో, వాడే ఊగేవాడో తెలిసేది కాదు.

వాడికి కుర్చీ వదలడమా? ఆ సాయంత్రమే సందులో పడ్డాను. పిన్ని, "అంబలి తాగరా నాయినా, కొవ్వు మంచునాగ కరిగిపోద్ది" అంది. తాగాను. మా బిహారీ ఫోర్‌మన్, "సత్తూ పియో భాయీ, పేట్ అందర్!" అన్నాడు, పొట్ట లోపలికి పోతుందంటూ. వేయించిన శనగపిండి నీళ్ళలో కలిపి చెంబుడు తాగాను. బిష్టుపూర్ బజారులో కొట్టువాడు ఓట్సంటే పెద్ద ఆఫీసర్ల తిండన్నాడు. అదీ కొన్నాను. తడిసిన అట్టముక్కలా ఉంటే పాలు, పంచదార పోసి మర్యాదగా తిన్నాను. ఇవన్నీ అయ్యాక అమ్మ కంచం పెట్టేది. "పొద్దున్నుంచీ పిల్లడు ఏటీ తిన్లేదు" అంటూ. మా ఇంట్లో అన్నం తినకపోతే తిన్నట్టే కాదు మరి. పైగా డైటింగుతో నీరసం వస్తుందని పప్పులో నెయ్యి ఇంకాస్త వేసేది.

నెలాఖరున తూకం ముల్లు నన్ను చూసి అవతలి గోడ దాకా పరుగెత్తింది. డాక్టరుగారు కళ్ళజోడు తీశారు.

"ఏం తింటున్నావయ్యా?"

"అంతా డైటింగే సార్. అంబలి, సత్తు, ఓట్సు."

"మంచిదే. మరి అన్నం?"

"అన్నం మామూలే సార్."

"అవి అన్నానికి బదులయ్యా, తోడు కాదు!"

వెనక వరసలోంచి బక్కబావ గొంతు: "బెంగెట్టుకోకు బావా, ఆ కుర్సీ నాను తుడిసి ఉంచుతాలే."

డాక్టరుగారు జాలిపడి ఇంకొక్క వాయిదా ఇచ్చారు. "మారు వడ్డించుకోకు. ఇంటికి నడిచి వెళ్ళు. అంతే." ఇంత చవక వైద్యమా అని నాకు చాలా అవమానమైంది. అంతమంది నిపుణుల్లో ఒక్కరూ ఏదీ మానమనలేదే! అయినా బావ నవ్వు చెవిలో మోగుతుంటే చేయక తప్పలేదు. నేను మారన్నం వద్దన్న రోజు అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, "ఎవుర్తో మందెట్టీసిందే నా కొడుక్కి!" అని సందంతా వినేలా ఏడ్చింది. నడిచొస్తుంటే నిపుణులు గుమ్మాల్లోంచి, "ఏటిరా, సైకిలు అమ్మీసావేటి?" అని పలకరించేవారు. తలొంచుకుని నడిచాను. ముల్లు సణుక్కుంటూ వెనక్కి జరిగింది, డాక్టరుగారు సంతకం పెట్టారు, నేను నిచ్చెనెక్కాను.

ఎక్కి కూర్చున్నాను. ఇన్నేళ్ళూ కూర్చునే ఉన్నాను. ఆ కుర్చీ కోసం పోగొట్టుకున్నదంతా ఆ కుర్చీలోనే, వడ్డీతో సహా, తిరిగి చేరింది. అప్పుడప్పుడు కిందికి చూస్తే, నిచ్చెన మొదట్లో పొట్ట బిగబట్టి నిలబడ్డ ఆనాటి కుర్రాడు, అంటే నేనే, కనిపించినట్టే ఉంటుంది. "ఈయన్ని దింపండ్రా, నేనెక్కుతాను" అంటాడు వాడు. నిజమే, దింపొచ్చు. కాకపోతే అందుకు ఇంకో క్రేను తేవాలి.