విల్మా కుడిచెయ్యి

పెద్ద సరస్సు ఒడ్డునున్న ఈరీ ఊళ్లో స్కూలు బస్సు నడిపినన్నాళ్లూ విల్మా డ్రోజ్డ్ చొక్కా జేబులో ఆటగాడి ఫొటో అచ్చేసిన బేస్‌బాల్ కార్డు ఏదో ఒకటి ఉండేది. సరస్సు మీంచి మంచు విరుచుకుపడి బస్సులు నిలిచిపోతే, కార్డును స్టీరింగుకు ఆనించుకుని వెనక అచ్చేసిన అతని ఆట లెక్కలు చదువుకునేది. చిన్నప్పుడు ఆమె అన్నలు తమ కార్డులను సైకిల్ చువ్వలకు తగిలించి టపటపలాడిస్తూ వీధులు తిరిగారు. ఆమె మాత్రం చూయింగ్ గమ్ పొట్లాల్లో వచ్చి ఆ వాసన పట్టిన తన కార్డులను చెప్పుల పెట్టెలో దాచుకుంది. పేరుమోసిన ఆటగాళ్ల మీద ఆమెకు మోజు లేదు. ఏళ్ల తరబడి బెంచీ మీద కూర్చుని, ఎప్పుడో ఓసారి మైదానంలోకి దిగినవాళ్లంటేనే ఇష్టం. తన పెళ్లయిన ఏడాది వచ్చిన కార్డులన్నీ సంపాదించి తీరాలని పట్టుబట్టింది. ఇంకా కొన్ని దొరకలేదు.

రిటైరయ్యాక మొదటి శీతాకాలంలో పక్షవాతం వచ్చింది. మాట తిరిగొచ్చింది, నడక కుదుటపడింది. కుడిచేతి వేళ్లు మాత్రం లొంగలేదు. ఆస్పత్రిలో వ్యాయామం చేయించే అమ్మాయి రబ్బరు ముద్ద ఇచ్చి పిసకమంది.

"ఇది పిసికి ఏం చెయ్యనమ్మా, రొట్టెలు కాల్చనా?" అంది విల్మా.

ఇంటికి రాగానే వంటింటి బల్ల మీద కార్డులు పరిచింది. కుడిచేత్తో ఒక్కో కార్డూ ఎత్తి పలచటి ప్లాస్టిక్ తొడుగులోకి దించాలి. అదీ ఆమె పెట్టుకున్న వ్యాయామం. తొడుగు మూతి విచ్చుకునేది కాదు, కార్డు జారి పడేది. మొగుడు చెస్టర్ చూసి చూసి విసుగెత్తిపోయాడు.

"ఇటు తే, నేను తోసేస్తాను."

"నువ్వా? గుడ్డు కొడితే సగం పెంకు పెనంలోనే పడుతుంది. నా కార్డుల జోలికి రాకు."

"నీ మొండితనానికి డాక్టరు మందు రాయలేదేంటో!"

"రాసినా మింగను."

ఒక సాయంత్రం తనకెంతో ఇష్టమైన కార్డు మూల మడతపడింది. విల్మా బల్ల మీదున్నవన్నీ కిందికి తోసేసి ఏడ్చింది. చెస్టర్ వంగబోతే వద్దంది. నేలమీద చతికిలబడి, ఎడంచెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఒక్కొక్కటే తనే ఏరుకుంది. చెస్టర్ బంగాళదుంప కూరి చేసిన పియరోగీలు పొయ్యి మీద చల్లారిపోయాయి.

మంచు కరిగాక అగ్నిమాపక కేంద్రం హాల్లో కార్డుల సంత పెట్టారు. విల్మా చెస్టర్‌ను వెంటబెట్టుకుని వెళ్లింది. హాన్లన్ అనే ముసలి వర్తకుడు ఆమెను చూసి గట్టిగా కేకేశాడు.

"ఏం విల్మా, బతికే ఉన్నావా! రా, నీ పెళ్లయిన ఏడాది కార్డులు పక్కన తీసిపెట్టాను."

"తీసినవి మళ్లీ పెట్టెలో పడెయ్. నేనే వెతుక్కుంటాను."

అతను నవ్వుతూ అలాగే చేశాడు. ఆమె కుడిచేతి బొటనవేలితో ఒక్కో కార్డూ వెనక్కి వాల్చసాగింది. వెనక నిలబడ్డవాడు గొణిగాడు.

"అమ్మా, పొద్దుగుంకేలోపు అవుతుందా?"

"తొందరైతే పక్క బల్ల చూసుకో నాయనా. నేను కదలను."

హాన్లన్ ఆమె కోసం ఓ కుర్చీ తెచ్చి వేశాడు. వేలు నొప్పెక్కింది. ఆగి, చెయ్యి విదిలించుకుని మళ్లీ మొదలుపెట్టింది. పెట్టె సగం దాటాక ఓ బక్కపలచటి బంతి విసిరేవాడు, టోపీ కాస్త పక్కకు జారి, కార్డు మీంచి ఆమెకేసి చూశాడు. ఇన్నాళ్లూ దొరకనివాళ్లలో ఒకడు. విల్మా ఆ కార్డును పైకి లాగింది.

హాన్లన్ తొడుగు తీసి కార్డు కోసం చెయ్యి చాచాడు. ఆమె తొడుగు మాత్రం లాక్కుంది. మొదటిసారి కార్డు మూతి దగ్గరే తట్టుకుంది. రెండోసారి మెల్లగా, మూల చెదరకుండా లోపలికి దిగింది.

"హమ్మయ్య!" అన్నాడు వెనకనున్నవాడు.

విల్మా చెస్టర్‌కేసి తిరిగి కార్డు పైకెత్తి చూపించింది. అతను టోపీ తీసి తల వంచాడు. ఆమె కుర్చీ కాస్త ముందుకు జరుపుకుని, రెండో పెట్టె కూడా ఇటు తోయమంది.