నేను కొనలేకపోయిన సాకే కప్పు

సింగపూర్‌లో ఆదివారం ఎక్కడికి వెళ్ళాలా అని చూసేవాళ్ళకి పడమటి కొసన, చెట్ల మధ్య ఉన్న కుమ్మరి ఆవం మంచి చోటు. చేత్తో చేసిన జపాన్ సాకే కప్పులు అక్కడ దొరుకుతాయి. నేను మాత్రం కళ మీద ప్రేమతో వెళ్ళలేదు. నస్రీన్ మీద కుళ్ళుతో వెళ్ళాను. ఈ మాట ముందే చెప్పేస్తే మీకూ నాకూ తేలిక.

నస్రీన్‌ది హైదరాబాద్, మాది కాకినాడ. సింగపూర్‌లో వన్-నార్త్ అనే చోట ఉన్న ఆఫీసులో ఇద్దరివీ పక్కపక్క సీట్లు. ప్రాజెక్టులు మీద మీద వచ్చి పడుతున్న రోజులు కావడంతో, మా టీములో ఎవరో ఒకరు ఎప్పుడూ ఏదో ఒక దేశంలో ఉండేవారు. ఒసాకా క్లయింటు దగ్గరికి వెళ్ళాల్సింది నేను. వాళ్ళ కోసం కోడ్ రాసిందీ నేనే. చివరి నిమిషంలో మేనేజరు నస్రీన్‌ని పంపాడు. ఆవిడ మాటతీరు బాగుంటుందట! తిరిగొస్తూ ఒక చిన్న మట్టి కప్పు తెచ్చుకుంది. సాకే అంటే జపాన్ వాళ్ళు బియ్యంతో చేసే మద్యం. ఆ కప్పు అది తాగడానికి. నస్రీన్ మద్యం ముట్టదు కాబట్టి అందులో చాయ్ పోసుకుంటుంది. గుప్పిట్లో ఇమిడిపోయే ఆ కప్పును చూడటానికి వేరే ఫ్లోర్ల వాళ్ళు కూడా వచ్చేవారు. వచ్చిన ప్రతివాళ్ళకీ ఒసాకా కథ మొదటినుంచీ చెప్పేది. నేను మానిటర్‌లోకి తల దూర్చి, లోపల్లోపల ఉడికిపోతూ వినేదాన్ని.

అలాంటి కప్పులు చేసే జపాన్ ఆవిడ ఇక్కడే ఉందనీ, ఆవం తెరిచి కాలిన కప్పులు బయటికి తీసే రోజున నేరుగా అమ్ముతుందనీ ఎవరో చెప్పారు. అంతే, నస్రీన్ కప్పు వెలవెలబోయేలాంటిది ఒకటి తెచ్చి నా డెస్కు మీద పెట్టి తీరాలనుకున్నాను. దారి కనుక్కోవడానికి ఫోన్ చేస్తుంటే పక్కసీట్లోంచి వినేసింది. "నేను గూడ వస్త యార్. ఒక్కదానివి ఏం పోతవ్?" అంది. ఇష్టం లేకపోయినా సరేనన్నాను.

నేనుండేది వుడ్‌ల్యాండ్స్‌లో. ఆదివారం పొద్దున తొమ్మిదింటికి రైలెక్కితే జురాంగ్ ఈస్ట్‌కి అరగంట పైన పట్టింది. అక్కడే ఉండే నస్రీన్ ప్లాట్‌ఫాం మీద నవ్వుతూ నిలబడి ఉంది. లైను మారి, కొద్ది స్టేషన్ల తర్వాత బూన్ లేలో దిగాం. టికెట్టు మొత్తం రెండు డాలర్ల లోపే. అక్కణ్ణుంచి బస్సు ఉంది కానీ ఆదివారాలు తొందరగా రాదు, పైగా దిగాక ఎండలో చాలా దూరం నడవాలి. టాక్సీకి ఏడు డాలర్లయింది. డ్రైవరు తమిళ అంకుల్, తెలుగు అర్థమవుతుందట.

"కప్పు కోసం ఇంత దూరమా అమ్మా? లిటిల్ ఇండియాలో ఆరు కప్పులు కొంటే ట్రే ఫ్రీ లా!" అన్నాడు సింగపూర్ యాసలో.

"ట్రే కోసం కాదు అంకుల్, ఈమెకు పట్టుదల" అని నస్రీన్ నన్ను చూపించింది. దాని పళ్ళు రాలగొట్టాలనిపించింది.

రోడ్డు చివర మట్టిబాట. దాని చివర రేకుల షెడ్డు. షెడ్డు కింద ఏటవాలుగా పైకి పాకిన పొడవాటి ఇటుక ఆవం. లోపల ఇంకా వెచ్చగా ఉంది. కప్పులు చేసే ఆవిడ, హరుకో గారికి అరవై ఏళ్ళుంటాయి. భర్త బ్యాంకు ఉద్యోగం వల్ల ఇక్కడికి వచ్చి, మట్టి పనిలో పడిపోయిందట. ఒక పొడవాటి చెక్క మీద కప్పులు వరసగా పెట్టి ఉన్నాయి. ఒకదానికీ ఇంకోదానికీ పోలిక లేదు. కట్టెలు మండుతున్నప్పుడు ఎగిరిన బూడిద కప్పులకు అంటుకుని, ఆ వేడికి కరిగి గాజులా మారుతుందనీ, మంట ఎటు వీస్తే అటే రంగు పడుతుందనీ ఆవిడ వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పింది. జపాన్‌లో అతిథుల ముందు ఇలాంటి కప్పులు ఒక బుట్టలో పెడితే ఎవరి కప్పు వాళ్ళే ఏరుకుంటారట.

ఆ వరసలో ఒక కప్పు నన్ను పట్టేసింది. ఒక పక్క పాచిరంగు గాజు కిందికి జారుతూ మధ్యలో ఆగిపోయింది. రెండో పక్క ఏ పూతా లేని గరుకు మట్టి. అడుగున ఆవిడ వేలిముద్ర. చేతిలోకి తీసుకుంటే బరువు సరిగ్గా అరచేతి గుంటలో కూర్చుంది. నస్రీన్ కప్పు దీని ముందు ఎందుకూ పనికిరాదు. ధర ముప్పై అయిదు డాలర్లు. నేను పర్సు తీశాను.

హరుకో గారు చెయ్యి అడ్డం పెట్టింది. ముందు తాగి చూడాలట. మద్యం తాగేవాళ్ళకి సాకే, తాగనివాళ్ళకి నీళ్ళు. కూజాలోంచి నీళ్ళు పోసి రెండు చేతులతో అందించింది.

ఇక్కడే నా కొంప మునిగింది. మా ఇంట్లో నీళ్ళ గ్లాసుకి మూతి తగిలించిన వాళ్ళు లేరు. ఎంగిలి కాకుండా ఎత్తి పోసుకోవడం నాకు నడకతో పాటు వచ్చిన అలవాటు. అందులోనూ ఇంకా డబ్బివ్వని, పరాయివాళ్ళ కప్పు! తల వెనక్కి వాల్చి, బొట్టు కింద పడకుండా ఎత్తి పోసుకుని, చాలా మర్యాదగా వెనక్కిచ్చాను.

ఆవిడ ముఖం చిన్నబోయింది. కప్పు అంచు మీద వేలు తిప్పి చూసుకుంది. "గీసుకుంటోందా?" అని అడిగింది. అబ్బే, చాలా బాగుందన్నాను. మళ్ళీ పోసి ఇచ్చింది. ఈసారి ఆవిడకి నమ్మకం కలగాలని ఇంకా పైకెత్తి, ఇంకా శ్రద్ధగా పోసుకున్నాను. ఆవిడ కప్పు తుడిచి, నీళ్ళు పోసి నస్రీన్‌కి ఇచ్చింది. నస్రీన్ రెండు చేతులతో పట్టుకుని, పెదవి ఆనించి, కళ్ళు మూసుకుని మెల్లగా తాగింది. హరుకో గారి ముఖం విప్పారింది. "ఇది మీదే" అంటూ నస్రీన్‌కి తల వంచి నమస్కరించింది. నస్రీన్ నా వైపు చూసింది. నేను కావాలనే ఆవం వైపు చూశాను. నస్రీన్ డబ్బు కట్టడం, ఆవిడ కప్పుని కాగితంలో చుట్టడం అయిపోయాయి. మిగతా కప్పుల్లో ఏదైనా తీసుకోమని ఆవిడ ఎంత చెప్పినా, నా కంటికి ఒక్కటీ ఆనలేదు.

తిరుగుదారిలో జురాంగ్ ఈస్ట్ హాకర్ సెంటర్‌లో భోజనానికి ఆగాం. టిష్యూ పొట్లం పెట్టి బల్ల చోప్ చేసి, అంటే మాదని గుర్తు పెట్టి, నస్రీన్ మాంసం కూరిన ముర్తబాక్ రొట్టె, ఉల్లిపాయ ప్రాటా, అదే మన పరోటా, తెచ్చింది. ప్రాటా వేసే ఆంటీ కూడా నన్ను చూసి "ఆ అమ్మాయికి ఒంట్లో బాగాలేదా?" అని అడిగిందట.

"ఏమైంది? మూతి గట్ల ముడుచుకున్నవ్" అంది నస్రీన్.

"ఏం లేదు."

"కప్పేనా? నీకు నచ్చలేదనుకుని తీస్కున్న యార్. రెండుసార్లు ఎత్తి పోస్కున్నవ్. పెదవికి తగల్కుంటే కప్పు ఎట్ల తెలుస్తది అని ఆమె పరేషాన్. ఇగో, నువ్వే తీస్కో."

"నాకేం అక్కర్లేదు. ఒసాకా నీకే, కప్పూ నీకే, చుట్టూ చేరే జనం కూడా నీకే. నాకు కుళ్ళుగా ఉందే నస్రీన్. నిన్ను చూస్తేనే ఒళ్ళు మండుతోంది. చాలా?"

అనేశాక నాకే భయం వేసింది. నస్రీన్ ప్లేటు పక్కకి జరిపింది. "మండదా మరి? రాసింది నువ్వు, పోయింది నేను. నీ జాగల నేనుంటే నాతో మాట్లాడకపోదును" అంది. కాగితం విప్పి కప్పు తీసి, సీసాలోని నీళ్ళు పోసి నా ముందు పెట్టింది. "ఒక్కసారి సరిగ్గ తాగు."

పెదవి ఆనించాను. అంచు ఒకచోట బొటనవేలితో నొక్కినట్టు కాస్త లోపలికి ఉంది. కింది పెదవి వెళ్ళి అక్కడే కూర్చుంది. ముందు మట్టి గరుకు, వెంటనే గాజు చలువ, ఆ తర్వాత నీళ్ళు. చేతికి తెలిసింది సగమే. ఇది నాది కావాల్సిన కప్పు అని మళ్ళీ భగ్గుమంది.

సగం తాగేసరికి ఎంగిలి గుర్తొచ్చింది. కంగారుగా టిష్యూ కోసం వెతుకుతుంటే నస్రీన్ నా చేతిలోంచి కప్పు లాక్కుంది. తుడవలేదు, తిప్పలేదు. నా పెదవి తగిలిన ఆ నొక్కు దగ్గరే పెదవి పెట్టి మిగిలిన నీళ్ళు తాగేసి, ప్రాటా తుంచుకుంది.

మా ఇంట్లో నా ఎంగిలి ఎవరూ తాగరు. నేనూ ఎవరిదీ తాగను. ఇన్నేళ్ళలో అలా తాగిన మొదటి మనిషి, ఆ పూట పొద్దున్నుంచీ నేను తిట్టుకున్న మనిషే. కప్పు తీసుకోమని రైల్లో మళ్ళీ అడిగింది, నేను ఒప్పుకోలేదు. అది నస్రీన్ దగ్గరే ఉంది. కుళ్ళు పోయిందని రాస్తే అబద్ధమవుతుంది, ఇంకా పెరిగింది. అంత తేలిగ్గా ఇచ్చేయగల, తాగేయగల మనిషి పక్కసీట్లో ఉంటే కుళ్ళుకోకుండా ఎలా ఉంటాను?

వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక్క సలహా. ఆవం తెరిచే రోజు ఏదో ముందే ఫోన్ చేసి కనుక్కుని, నగదు పట్టుకుని పొద్దున్నే చేరుకోండి. హరుకో గారు నీళ్ళు పోసిస్తే మాత్రం ఎత్తి పోసుకోకండి, ఎంగిలి చేసేయండి.