మబ్బులకు దూడ

పక్కింట్లో ఆవును పిండుతుంటే వచ్చే పచ్చిపాల వాసనకు నా ఎనిమిదేండ్ల వయసు గుర్తుకొస్తుంది.

మా ఊరి బడి సారు సాయంత్రాలు అరుగు మీద కూర్చుని, వేదాల నాటి పాటలను తేట తెలుగులోకి తెచ్చిన పుస్తకం పదిమందికీ చదివి వినిపించేవాడు. ఆవులను తోలుకొచ్చే బాపుతో పాటు నేనూ కింద నిలబడి వినేదాన్ని. ఒకనాటి పాటలో ఒక ముని మబ్బులను ఆవులన్నాడు. వాన కురవాలంటే ముందు వాటి దగ్గరికి దూడను వదలమన్నాడు.

"దూడంటే భక్తుడి మనసని కింద వ్యాఖ్యానంల రాసిండ్రు. నాకైతే పొసగుతలేదు," అన్నాడు సారు.

నా నోరు ఆగలేదు. "దూడ కుడవకుంటే ఆవు సేపుతదా సారూ? పాలెట్ల దిగుతయి?"

అరుగంతా నవ్వింది. "సదువు లేదు, సంధ్య లేదు, నీకెందుకే!" అని బాపు నా చెయ్యి గుంజాడు.

సారు మాత్రం దిగ్గున లేచాడు. "ఆగు మల్లయ్యా! బిడ్డ చెప్పిందే నిజం. గీ పాట కట్టినాయన పాలు పిండినోడే!"

"గాయనది ఏ ఊరు సారూ? మన పక్కన కట్టంగూరా?"

ఈసారి సారు కూడా నవ్వాడు. "వేల ఏండ్ల కిందటోడు బిడ్డా." నవ్వుతూనే నా మాటను పుస్తకం అంచున పెన్సిలుతో రాసుకున్నాడు. సంతోషం పట్టలేక ఇంటిదాకా ఆవుల కంటే ముందు ఉరికాను.

అక్షరాలు నాకు యాభై దాటినంక వచ్చాయి. కానీ ఆ పుస్తకాలు నావి కావని ఆ సాయంత్రం తర్వాత ఎన్నడూ అనుకోలేదు.