ఎనిమిది వచ్చిన నంబరు

ఆ రోజు తెల్లవారుజాము నుంచి సన్నటి ముసురు. ఆనందపురంలో వంకాయ, బెండకాయ సంచులు వ్యాన్లోకి ఎక్కించి పైన టార్పాలిన్ కడుతుండగా ఫోను మోగింది. పూర్ణా మార్కెట్టు దగ్గర టీ కొట్టతను.

"బావా, నంబర్ల భాయ్ పోనాడు. నమాజుకి లేపుదారని కూతురెల్తే లేవలేదట."

తాడు ముడివేసి బయల్దేరాను. కూరలు వాడిపోతాయి కనుక ముందు మార్కెట్లో దించి, తర్వాతే ఆయన ఇంటికి వెళ్ళాను.

నంబర్ల భాయ్ అంటే బండ్లకు నంబరు ప్లేట్లు రాసే మనిషి. మార్కెట్టు వెనక వీధిలో ఆయన కొట్టు ఒక మంచం పడితే నిండిపోయేంత. విశాఖ బండి నంబరు ఏపీ ముప్పై ఒకటి అని మొదలయ్యే రోజుల్లో మీరు ఇక్కడ స్కూటరో ఆటోనో కొని ఉంటే, ఆ అంకెలు ఆయన రాసినవే కావచ్చు. ఆయన రాసిన '2' అంకె కొంచెం మెడ వంచినట్టు ఉండేది. దాన్నిబట్టి గుర్తుపట్టేవాళ్ళం.

మన దగ్గర నంబరు రాగానే అంకెలన్నీ కూడి చూసుకుంటాం. తొమ్మిది వస్తే మంచిదంటాం. ఎనిమిది వస్తే శని అంటాం. నేనూ తొమ్మిది వచ్చేదాకా ఆగి వ్యాను రిజిస్ట్రేషన్ చేయించుకున్నవాణ్ణే. ప్లేటు రాయించడానికి వెళ్ళి, "కూడి సూడు భాయ్, తొమ్మిది" అన్నాను.

"నాను కూడను బావా. రాత్తానంతే," అన్నాడు తల ఎత్తకుండా.

అంతలో ఒక కుర్రాడు బైకు ఆపాడు. తన 8055 నంబరులో ఎనిమిదిని, అయిదుల్ని వంచి ఇంగ్లీషులో 'బాస్' అని చదివేలా రాయమన్నాడు.

"ఎవుడికిరా నువ్వు బాసు? నంబరు ఉన్నది సోకుకి కాదు, గుద్దేసి పారిపోతే దొరకడానికి. ఎల్లు," అన్నాడు భాయ్. కుర్రాడు ఇంకో కొట్టు వెతుక్కున్నాడు.

ఆ వీధిలో ఓడల మీద పనిచేసి వచ్చేవాళ్ళు ఉండేవారు. వాళ్ళు దిగిరాగానే భాయ్ అడిగేది ఒకటే, అక్కడ బండ్లకు నంబర్లెలా ఇస్తారని. దుబాయిలో ఒంటి అంకె నంబరు కోసం కోట్లు పెట్టి పాడుకుంటారని విని, "ఒక్క అంకేటి! రాసేవోడికి పనే లేదు కదేటి," అని తెగ నవ్వాడు. ఇంగ్లండులో నచ్చిన నంబరు కొనుక్కుని ఒక బండి నుంచి ఇంకో బండికి మార్చుకోవచ్చట. స్విట్జర్లాండులో నంబరు బండిది కాదు, మనిషిదట. బండి మారినా అదే ప్లేటు బిగించుకుంటారట. ఈ మాట మాత్రం ఆయనకు నచ్చింది. ఎన్నోసార్లు చెప్పాడు. "అక్కడ బండి పోయినా నంబరు మనిషి దగ్గరే ఉంటాది బావా. మన దగ్గర మనిషి పోయినా నంబరు బండికే ఉంటాది."

ఆయన భార్య ఇంట్లో జాకెట్లు కుట్టేది. కుట్టినవి ఇళ్ళకు తీసుకెళ్ళి ఇవ్వడానికి స్కూటరు కొన్నారు. వచ్చిన నంబరు కూడితే ఎనిమిది. రెండు రోజులాగితే వేరేది వస్తుందని ఏజెంటు చెప్పాడు. ఆగుదామని ఆమె కూడా అంది. భాయే వినలేదు. ఆ సాయంత్రమే ప్లేటు రాసి బిగించేశాడు.

మూడో ఏడు ఆమెకు కామెర్లు వచ్చి ముదిరాయి. ఆసుపత్రిలోనే పోయింది. పరామర్శకు వచ్చినవాళ్ళలో ఎవరో, "ఎనిమిదొద్దని అప్పుడే అనుకున్నాం," అన్నారు. భాయ్ విన్నాడు.

కొన్నాళ్ళకు ఆయన టీ గ్లాసు పట్టుకుని రోడ్డువైపు చూస్తూ కూర్చుని ఉంటే చూశాను. బండి వెళ్ళినప్పుడల్లా పెదాలు కదులుతున్నాయి.

"ఏటి భాయ్, సదువుతన్నావా?"

"కూడతన్నాను బావా."

పక్కన కూర్చున్నాను.

"ఆగుదారంది. నానే రాసీసినాను," అన్నాడు.

"నా వ్యాను తొమ్మిదే కదా. తగరపువలస కాడ పల్టీ కొట్టలేదేటి? టమాటాలన్నీ రోడ్డు మీదే కదా?"

"తొమ్మిది కాబట్టే బతికినావంటారు," అన్నాడు.

ఆ తర్వాత మిషను మీద అచ్చుకొట్టే ప్లేట్లు తప్పనిసరి అయ్యాయి. రాష్ట్రమంతటికీ ఒకటే కోడు వచ్చింది. భాయ్ పెయింటు డబ్బాలు పట్టుకుని ఫిషింగ్ హార్బరుకు వెళ్ళి పడవలకు నంబర్లు రాసేవాడు. "పడవోళ్ళు కూడరు బావా. ఆళ్ళకి సేపలు పడితే సాలు," అనేవాడు.

స్కూటరు మాత్రం గుమ్మం పక్కన గుడ్డ కప్పి ఉండేది. శుక్రవారం శుక్రవారం గుడ్డ తీసి, స్టార్టు చేసి, కాసేపు ఉంచి ఆపేసేవాడు. తోలేవాడు కాదు. అమ్మమంటే, "కొన్నోడికేటైనా అయితే?" అనేవాడు.

కూతురికి పరవాడలో మందుల కంపెనీలో ఉద్యోగం వచ్చింది. పొద్దున్నే బస్సులు మారి వెళ్ళాలి. తాళం అడిగింది. నేను అక్కడే ఉన్నాను.

"బస్సుకెల్లమ్మా," అన్నాడు.

"అమ్మ కామెర్లొచ్చి పోయింది నాన్నా. బండి మీద పోలేదు."

"నాకు తెలీదేటి?"

"తెలిస్తే తాళం ఇవ్వు."

ఇవ్వలేదు. ఆ పిల్ల రెండేళ్ళు బస్సుల్లోనే తిరిగింది. తండ్రి మీద కోపం చూపించగా నేను చూడలేదు. ఆయనా పొద్దున్నే లేచి బస్టాపు దాకా తోడు వెళ్ళేవాడు. బస్సు మలుపు తిరిగేదాకా నిలబడేవాడు. ఆ టైముకి నా వ్యాను ఎదురైతే చెయ్యి ఎత్తేవాడు.

ముసురు పట్టిన ఆ రోజే, సాయంత్రం అసర్ నమాజు తర్వాత ఆయన్ని తీసుకెళ్ళారు. నేనూ మట్టి వేశాను. మూడో రోజు సమాధి దగ్గర జియారత్ ప్రార్థన అయ్యాక చుట్టాలు వెళ్ళిపోయారు. ఆయన చెల్లెలు ఒక్కతే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున్నే కూరలు దించి అటు వెళ్ళేసరికి కూతురు స్కూటరు మీది గుడ్డ మడత పెడుతోంది. మేనత్త గుమ్మంలో నిలబడి, "ఆ బండొద్దే తల్లీ," అంది. ఆ పిల్ల నావైపు చూసింది.

"హార్ను మోగతందా మావయ్యా, ఓసారి సూడు," అంది.

తాళం బండికే ఉంది. తిప్పి, నొక్కి చూశాను. మోగింది.

ఏడున్నరకల్లా ఆ అమ్మాయి ఆ బండి మీద పరవాడ డ్యూటీకి వెళ్ళింది.