బత్తాయి తోట లెక్కలో చేరని ఎడ్లు

యుద్ధం జరుగుతున్న రోజుల్లో బత్తాయి తోట ఆలోచన నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. నరసరావుపేటలో ఆ కాయలు అమ్ముడుపోయే తీరు చూసి వచ్చినప్పటి నుంచీ అదే ధ్యాస. మా బావి పక్కన రెండెకరాల ఎర్రనేల ఉంది. పెట్టుబడి కావాలంటే మాత్రం జొన్న పండే నల్లచేను అమ్మాలి. ఇంటిల్లిపాదీ తినేది ఆ చేని గింజలే. పక్క ఊరి వ్యాపారి ఒకాయన బేరానికి వచ్చి, శివరాత్రి వెళ్లాక కాగితం రాసుకుందామన్నాడు. ఆలోపు నేను తేల్చుకోవాలి.

నాకు బడి చదువు లేదు. కూడికలూ గుణకారాలూ మిరపకాయల కాటా దగ్గర నిలబడి నేర్చుకున్నాను. అందుకే దేన్నీ వదలకూడదనుకున్నాను. ఎకరానికి నూరు అంటు మొక్కలు, రైల్లో వచ్చేసరికి వాడిపోయేవాటికి పదో వంతు అదనం. గుంటలు తవ్వే కూలి, పెంట బండ్లు, వేరుశనగ చెక్క, కంచెకు కంప, మొదళ్లకు పూయడానికి పిడుగురాళ్ల సున్నం. యుద్ధం వల్ల, బావి నీళ్లు తోడే మోటకు తోలు ధర నెలకొక రకంగా ఉండేది. దాన్ని ఎక్కువే వేసుకున్నాను. కాపు అయిదో ఏట. ఎలా కూడినా ఎనిమిదో ఏటికి పెట్టుబడి తిరిగొస్తుంది. అయినా దారిలో నడుస్తూ మళ్లీ కూడేవాణ్ణి, అన్నం ముందు కూర్చుని మళ్లీ.

"ఏందయ్యా, కంచంలో గీతలు గీస్తున్నావు?" అంది నా భార్య. "ఆ అయిదేళ్లూ పిల్లలకు ఈ గీతలే వడ్డించమంటావా?"

"మొక్కల మధ్యన పెసర వేస్తాం గదే. జొన్నలు కొంటాం. అదీ కలిపే ఉంది."

"చేను పోయినాక లెక్క తప్పితే?"

"తప్పదు," అని లేచి, బావిలో నీళ్లు ఏ మెట్టు దాకా ఉన్నాయో చూడటానికి మళ్లీ వెళ్లాను.

మాఘం మొదట్లో మా పెదనాన్న కొడుకు వచ్చి కొట్టం ముందు నిలబడ్డాడు. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకు ఎడ్లు లాక్కెళ్లే ఎత్తైన వెదురు ప్రభను మా ఊరి తరఫున కట్టించే పెద్ద ఆయనే.

"ఒరేయ్ తమ్ముడూ, ఈ ఏడు నీ ఎడ్లే ముందు కాడికి. రేపటి నించి మోటకు కట్టమాక."

"కట్టనులే అన్నా."

"ఉలవలు బాగా పెట్టు. నీకు లెక్కలంటే ఇష్టంగానీ, తిరునాళ్ల జనం చేత ఎడ్ల డొక్క ఎముకలు లెక్కపెట్టించమాక."

నవ్వాను. ఆయన వీధి మలుపు తిరిగేదాకా నవ్వుతూనే ఉన్నాను. తర్వాత కొట్టంలోనే కూర్చుని, ఎడ్లు మోట లాగని రోజులు వేళ్ల మీద లెక్కపెట్టాను.

ప్రభ లాగే ఎడ్లకు నెల ముందు నుంచే పని మాన్పిస్తారు. కొండ నుంచి తిరిగొచ్చాక మరో పదిహేను రోజులు కాడి ఎత్తరు. మా నాన్న హయాం నుంచీ ఇదే పద్ధతి. అప్పటికి జొన్న కోతకు వస్తుంది, మిరపకు తడి అక్కర్లేదు. మోట ఆగినా నష్టపోయేవాళ్లు లేరు కనుక, ఆ నెలన్నర నాకెన్నడూ ఖర్చుగా కనబడలేదు. కానీ ఎర్రనేలలో లేత బత్తాయి మొక్క తడి లేకుండా పది రోజులు కూడా ఆగదు. బాడుగకు తెద్దామంటే మోట లాగే సత్తా ఉన్న జత ఊళ్లో ఏదైనా ప్రభకే పోతుంది. రెండో జత కొంటే చేను అమ్మిన డబ్బులో సగం దానికే సరి. ఇక ఎడ్లను ఇవ్వనని చెప్పడమంటారా, ఆ మాట నా నోట వచ్చేది కాదు. అడగగానే సరేనన్నది నేనే.

శివరాత్రి వెళ్లాక వ్యాపారి వచ్చాడు. చేను అమ్మడం లేదన్నాను. ధర పెంచాడు. ధర కోసం కాదన్నాను.

తొలకరిలో ముప్పై అంట్లు మాత్రమే నాటాను. మరుసటి ఏడు మాఘంలో ఎడ్లు ఉలవలు నములుతూ నీడన నిలబడితే, నేను కావడి భుజాన వేసుకుని బావికీ పాదులకీ మధ్య తిరిగాను. నా భార్య బావి దగ్గర చేదుతూ కుండలు నింపింది.

"ఇంకో ముప్పై వేయొచ్చేమోనే," అన్నాను, కావడి దించుతూ.

"ముందు ఆ భుజానికి ఆముదం రాసుకో," అని ఆమె చేద మళ్లీ బావిలోకి వదిలింది.